మెరిసే తలుపు వెనక ఏ చెక్క ఉందో అడగండి

ఇల్లు-వంటిల్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అక్కయ్యగారికి నమస్కారం. మేం ఈ మధ్యే బరంపురంలో అంబపువా వైపు ఒక పాత ఇల్లు కొనుక్కున్నాం. మావారు, నేను ఇద్దరం ఉద్యోగస్తులం. అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలు మాతోనే ఉంటారు. వంటగది పొడవు 10 అడుగులు, వెడల్పు 8. పొడవాటి గోడ తూర్పుది, దాని మధ్యలో కిటికీ ఉంది. గుమ్మం పడమట. ఉత్తరం గోడకి కింద నుంచి చెమ్మ కనిపిస్తోంది, దాని వెనకే బాత్రూం. వంటగది ఇంటికి వాయవ్యంలో ఉందని అత్తయ్యగారికి బెంగ. షోరూం వాళ్లు అక్రిలిక్ తలుపులతో 2,80,000 రూపాయలు చెప్పారు. తెలిసిన వడ్రంగి మేస్త్రీ 1,70,000కి చేస్తానంటున్నాడు. మేం అనుకున్నది రెండున్నర లక్షలు. మావారికి షోరూం నచ్చింది, నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: అమ్మా, ముందు ఆ షోరూం కొటేషన్ బయటికి తీసి, అక్రిలిక్ అన్న మాట పక్కన ఇంకేం రాసి ఉందో చూడండి. చాలా కొటేషన్లలో 'ఇంజనీర్డ్ వుడ్' అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. అంటే చెక్క పొట్టో, పీచో జిగురుతో అదిమి చేసిన పలక. దాని కింద పార్టికల్ బోర్డు ఉండొచ్చు, ఎండీఎఫ్ ఉండొచ్చు, ఇంకొంచెం గట్టిదైన హెచ్‌డీహెచ్‌ఎంఆర్ ఉండొచ్చు. మూడింటి ధరా వేరు, ఆయుష్షూ వేరు. అక్రిలిక్ అనేది పైన అతికించే పలక మాత్రమే. మీ గిన్నెల బరువు మోసేది లోపలి పెట్టె. పార్టికల్ బోర్డు అంచులోంచి ఒకసారి నీళ్లు తాగితే అటుకుల్లా ఉబ్బిపోతుంది, మళ్లీ మామూలుగా అవదు. మీది సముద్రపు గాలి తగిలే ఊరు, పైగా గోడ చెమ్మ. మీ ఇంట్లో పార్టికల్ బోర్డు పెట్టెలకి నేను ఒప్పుకోను, షోరూం ఎంత పెద్దదైనా సరే.

పెట్టెలకి ప్లైవుడ్ అడగండి. ప్లైవుడ్‌లోనూ రకాలున్నాయి. ఐఎస్ 303 అనే భారత ప్రమాణం ముద్ర ఉన్నంత మాత్రాన వంటింటికి పనికొస్తుందని అనుకోకండి. ఆ ప్రమాణం కిందే ఎంఆర్ అనే మామూలు రకం, బీడబ్ల్యూఆర్ అనే నీళ్లకి తట్టుకునే రకం, రెండూ వచ్చాయి. ఎంఆర్ హాల్లో టీవీ వెనక పెట్టుకోవచ్చు, వంటింట్లో వద్దు. మెరైన్ ప్లైకి ఐఎస్ 710 అని ఉంటుంది, దాన్ని 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్షిస్తారు. సింకు ఉన్న వైపు మెరైన్ ప్లై, మిగతా చోట బీడబ్ల్యూఆర్ వాడితే ఖర్చు అదుపులో ఉంటుంది. షీటు మీద ఐఎస్‌ఐ గుర్తు, దాని కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉండాలి. కోయకముందే వెళ్లి చూడండి. కోశాక ముద్ర ఎటు పోయిందో ఎవరూ చెప్పలేరు. అనుమానం ఉంటే ఒక చిన్న ముక్క అడిగి తెచ్చుకుని, పాత గిన్నెలో పూటంతా మరగబెట్టండి. పొరలు విడిపోతే ఆ సరుకు వెనక్కి పంపేయండి. మంచి మేస్త్రీ ఎవరూ దీనికి నొచ్చుకోరు.

ఇక రెండు ధరలూ. వాటిని పక్కపక్కన పెట్టి పోల్చే ముందు, ఎవరు ఎలా కొలిచారో తెలుసుకోవాలి. మీ గదిలో తూర్పు గోడ 10 అడుగులు, దక్షిణం గోడ మీద 6 అడుగులు గట్టు అనుకుందాం. గోడలు కొలిచి కలిపితే 16 అడుగులు వస్తుంది. కానీ మూలలో 2 అడుగుల గట్టు రెండు వైపులా లెక్కలోకి వచ్చేసింది. తలుపులు కనిపించే ముందు వైపు కొలిస్తే 8, 4 కలిపి 12 అడుగులే. పెట్టె ఎత్తు రెండుంపావు అడుగులు అయితే ఒక లెక్కకి 36 చదరపు అడుగులు, ఇంకో లెక్కకి 27. అదే గది, అదే చెక్క. అటక తలుపులు కలిపారా, డ్రాయర్ల ఛానళ్లు, ప్లేట్ల స్టాండు, సింకు, రాయి, పాత గట్టు పగలగొట్టే కూలి, జీఎస్టీ... ఇవన్నీ ఉన్నాయో లేదో ఇద్దరి చేతా రాయించండి. అప్పుడు ఆ లక్షా పదివేల తేడాలో ఎంత నిజమో మీకే తెలుస్తుంది.

నన్ను అడిగితే మీ మేస్త్రీకే ఇమ్మంటాను, ఒక షరతు మీద. ప్లై అంచులకి పీవీసీ బ్యాండు మెషీన్ మీద వేయించాలి. చేత్తో అతికించిన బ్యాండు ఆవిరికి లేచిపోతుంది, నీళ్లు దూరేది అక్కడి నుంచే. మెషీన్ ఉన్న దుకాణంలో కోయించి, బ్యాండు వేయించి తెస్తే మేస్త్రీ ఇంట్లో బిగిస్తాడు. తలుపులకి అక్రిలిక్ బదులు 1 ఎంఎం లామినేట్ చాలు. మెరుపు తక్కువే, కానీ పిల్లల చేతి మరకలు, గీతలు అంతగా కనిపించవు. అక్కడ మిగిలిన డబ్బు మడతబందుల మీద, ఛానళ్ల మీద పెట్టండి. స్టీలు 304 రకం అడగండి. మీ ఊరి గాలికి 202 రకం స్టీలు తొందరగా తుప్పు పడుతుంది. అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి 304 అని కొందరు చూపిస్తారు. 202 కూడా అయస్కాంతానికి పెద్దగా అంటుకోదు, అది పరీక్ష కిందికి రాదు. బిల్లు మీద 304 అని రాయించుకోండి.

వీటన్నిటికంటే ముందు ఆ ఉత్తరం గోడ సంగతి తేలాలి. అడుగు చదరం పాలిథిన్ ముక్క తీసుకుని నాలుగు అంచులూ టేపుతో గోడకి గట్టిగా అతికించి, రెండు రోజులు వదిలేయండి. లోపలి వైపు, అంటే గోడ వైపు నీటి చుక్కలు కడితే తేమ గోడలోంచే వస్తోంది. బయటి వైపు కడితే అది గదిలో గాలి తేమ. మీరు చెప్పినదాన్ని బట్టి బాత్రూం పైపు గానీ, నేల అంచు టైలు గానీ కారుతూ ఉండాలి. దాన్ని బాగుచేయించి, గోడ ఆరేదాకా ఆగండి. పైన పుట్టీ కొట్టి పెయింటు వేస్తే వచ్చే వానాకాలానికి మళ్లీ పొక్కులే. పనయ్యాక కూడా ఆ గోడకి చెక్క ఆనించొద్దు. ఫ్రిజ్ అక్కడ పెట్టుకోండి, వెనక కాస్త గాలి ఆడేలా జరిపి.

అత్తయ్యగారి బెంగకి దారి ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. ఆగ్నేయం కుదరనప్పుడు వంటకి వాయవ్యం పనికొస్తుందని వాస్తు చెప్పేవాళ్లే అంటారు. ఆ గదిలో మళ్లీ ఆగ్నేయం మూల వైపు పొయ్యి పెట్టి, తూర్పు ముఖంగా వండుకోవచ్చు. మీ గదికి అది పని పరంగా కూడా బాగా కుదిరింది. తూర్పు గోడ మీద ఉత్తరం కొస నుంచి మొదలుపెడితే సింకుకి 3 అడుగులు, కిటికీ కింద కూరలు తరగడానికి 3 అడుగులు, తర్వాత పొయ్యికి 2 అడుగులు, చివర మూల 2 అడుగులు. సింకు ఈశాన్యంలో పడింది, నీళ్లు అక్కడే ఉండాలని ఆవిడా అంటారు. కడగడం, తరగడం, వండడం ఒకే వరసలో సాగిపోతాయి. కిటికీ గాలి మంటకి నేరుగా తగలదు. ఈ బొమ్మ కాగితం మీద గీసి ఆవిడకే చూపించండి.

దక్షిణం వైపు మిక్సీ, గ్రైండర్, ఇండక్షన్ స్టవ్. 2000 వాట్ల ఇండక్షన్‌కి దాదాపు 9 ఆంపియర్లు కావాలి, కాబట్టి 6 ఆంపియర్ల ప్లగ్గు పనికిరాదు. 16 ఆంపియర్ల పాయింట్లు రెండైనా, 4 చదరపు మిల్లీమీటర్ల వైరుతో వేయించండి. టైల్స్ అయ్యాక గుర్తొస్తే గోడ పగలగొట్టాల్సి వస్తుంది. అలాగని మొత్తం కరెంటు వంటకి మారకండి. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక మీ ఊరు ఎన్ని రోజులు చీకట్లో ఉందో అత్తయ్యగారిని అడగండి. గ్యాసు ఉండాలి, ఒక నీళ్ల డ్రమ్ముకి చోటూ ఉండాలి.

గట్టు ఎత్తు షోరూం వాళ్లు 34 అంగుళాలంటారు, అందరికీ అదే. చెప్పులు లేకుండా నిలబడి మోచెయ్యి మడవండి. మోచేతి నుంచి నేలకి ఎంతుందో కొలిచి అందులోంచి 4 అంగుళాలు తీసేయండి, అది మీ గట్టు ఎత్తు. అత్తయ్యగారు కత్తిపీట మీద కూర్చుని తరిగే మనిషైతే నేల మీద ఆవిడకి చోటు వదలండి. గది మధ్యలో బల్ల పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మీ ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకి చుట్టాలొచ్చినప్పుడు నలుగురు ఆడవాళ్లు కలిసి పని చేసుకునేది ఆ నేల మీదే.

సింకు కింద చెక్క అడుగు వేయించకండి, కడప బండ పరిపించండి. మూల గట్టు కింద కూడా రెండు కడప బండ అరలు వేయిస్తే ఆవకాయ జాడీలు అక్కడ పెట్టుకోవచ్చు. ఉప్పూ నూనే కారి స్టీలు బుట్టల్ని తినేస్తాయి, రాతిని అలా తినేయవు. పైన గట్టుకి గ్రానైట్ కావాలంటే టెక్కలి మీకు దగ్గరే, ఒకసారి వెళ్లి చూసి రండి. చీమకుర్తి నల్ల గెలాక్సీ అందంగా ఉంటుంది గానీ, మీ బడ్జెట్‌లో దానికంటే ఛానళ్లే ముఖ్యమని నా అభిప్రాయం.

పని వరస ఇలా ఉండాలి: చెమ్మ, పైపులు, వైరింగు, టైల్స్, రాయి. ఆ తర్వాతే చెక్క పనికి కొలతలు. టైల్స్ పడకముందు తీసుకున్న కొలతకి చేసిన పెట్టె బిగించేటప్పుడు పట్టదు. వానలు తగ్గాక మొదలుపెట్టండి. డబ్బు విడతలుగా ఇస్తూ, చివరి విడత మాత్రం ప్రతి డ్రాయరూ బరువుతో లాగి చూసుకునేదాకా చేతిలోనే ఉంచుకోండి.

ప్రశ్న: మేం రాయగడలో ఫ్లాట్ తీసుకున్నాం. చిమ్నీ గొట్టం బయటికి తియ్యడానికి సొసైటీ ఒప్పుకోవడం లేదు. గొట్టం లేని చిమ్నీ కొనొచ్చా? ఇంట్లో ఆవనూనె వాడకం ఎక్కువ.

జవాబు: కొనకండి. గొట్టం లేని చిమ్నీ గాలిని బొగ్గు ఫిల్టర్ గుండా లాగి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. జిడ్డు, వాసన కొంత ఆపుతుంది, వేడీ ఆవిరీ మీ గదిలోనే ఉంటాయి. ఆవనూనె పొగకి ఆ బొగ్గు ఫిల్టర్ తరచూ మార్చాలి. కిటికీ పై అద్దం తీసేసి మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి, దానికి ఎదురుగా ఉన్న తలుపు కాస్త తెరిచి వండండి. బయటి నుంచి గాలి వస్తేనే ఫ్యాను పొగని లాగగలదు.

ప్రశ్న: కొత్త వంటింట్లో గ్యాస్ సిలిండర్ కనపడకుండా కింద అరలో పెట్టి తలుపు వేద్దామనుకుంటున్నాం. పర్వాలేదా అమ్మా? పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను.

జవాబు: మా పర్లాకిమిడి నుంచే అడిగారు, సంతోషం. వంటగ్యాసు గాలి కంటే బరువు, కారితే కిందికే దిగి నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి ఆ తలుపుకి అడుగు భాగంలో ధారాళంగా కంతలు ఉండాలి. పై భాగంలో మాత్రమే జాలీ పెట్టి సరిపెడతారు కొందరు, దాని వల్ల లాభం లేదు. సిలిండర్ నిటారుగా ఉండాలి, పొయ్యి దానికంటే ఎత్తులో ఉండాలి. ఆ అరలో స్విచ్‌బోర్డు గానీ, ప్లగ్గు గానీ వద్దు. రబ్బరు గొట్టం గోడలోంచి దాచి తీసుకెళ్లకండి, పొడవునా కంటికి కనపడాలి. సురక్ష గొట్టం అయినా ఐదేళ్లకి మార్చాల్సిందే, దాని మీద తేదీ ముద్రించి ఉంటుంది. కొత్తింట్లోకి పాత గొట్టం తీసుకెళ్తుంటే ఆ తేదీ ఈ రోజే చూడండి.