టెక్ సందేహాలు: తక్కువ ఖర్చులో ఎలాంటి ఫ్లాష్ కొనాలి?

ప్రశ్న: నా దగ్గర కెనాన్ 200డి కెమెరా, దానితో వచ్చిన 18-55 లెన్స్ ఉన్నాయి. బంధువుల ఇళ్లలో ఒడిబియ్యం, తొట్టెల, పెళ్లిళ్లు, ఏటా బతుకమ్మ ఫొటోలు తీస్తుంటాను. కెమెరాలోని ఫ్లాష్ వేస్తే ముఖాలు తెల్లగా పాలిపోయి, వెనుక అంతా చీకటిగా వస్తోంది. ఏడెనిమిది వేలలో విడిగా ఒక ఫ్లాష్ కొనాలనుకుంటున్నాను. గైడ్ నంబర్ 60 ఉన్నదే తీసుకోమని దుకాణంలో చెప్పారు. కెమెరాయే శక్తిని సర్దే టీటీఎల్ కొనాలా, మనమే చేత్తో సర్దుకునే మాన్యువల్ సరిపోతుందా?
– ఒక డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: ధర, శక్తి చూడటానికి ముందు మీ కెమెరా పైన ఫ్లాష్ అమర్చే హాట్ షూను ఒకసారి వెలుతురులో పరిశీలించండి. మీరు 200డి అని మాత్రమే రాశారు. 2017లో వచ్చిన 200డి షూ మధ్యలో గుండ్రటి లోహపు చుక్క ఒకటి, దాని పక్కన చిన్న చుక్కలు కొన్ని ఉంటాయి. 2019లో వచ్చిన 200డి మార్క్ 2లో ఆ మధ్య చుక్కను కంపెనీ తీసేసింది. మాన్యువల్ ఫ్లాష్‌లకు వెలగమనే సంకేతం అందేది ఆ చుక్క ద్వారానే కనుక, మార్క్ 2 మీద పెడితే అవి వెలగనే వెలగవు. మీది మార్క్ 2 అయితే కెనాన్ సొంత ఫ్లాష్ గానీ, ఆ మోడల్‌తో పనిచేస్తుందని తయారీదారు స్పష్టంగా రాసిన టీటీఎల్ ఫ్లాష్ గానీ కొనాలి. ఏదైనా సరే, కెమెరాను వెంట తీసుకువెళ్లి, దుకాణంలోనే అమర్చి, నాలుగు ఫొటోలు తీసి చూశాకే డబ్బులు ఇవ్వండి.

మీది పాత 200డి అనుకుని మిగతాది చెబుతాను.

గైడ్ నంబర్ అంటే ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా చూపే సున్నితత్వం) 100 దగ్గర ఫ్లాష్ వెలుగు సరిపడా చేరే దూరాన్ని మీటర్లలో తీసుకుని, దాన్ని ఎఫ్ సంఖ్యతో (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే అంకెతో) గుణిస్తే వచ్చే అంకె. మీ కెమెరాలోని చిన్న ఫ్లాష్‌కు అది దాదాపు 10. ఎఫ్/5.6తో భాగిస్తే రెండు మీటర్లు కూడా రాదు. పైగా దూరం పెరిగేకొద్దీ వెలుగు వేగంగా తగ్గిపోతుంది కనుక ముందున్న వారు తెల్లగా పాలిపోతారు, వెనుక ఉన్నవారు చీకట్లో కలిసిపోతారు. ఇక దుకాణంవారు చెప్పిన 60 అబద్ధం కాదు కానీ, అది ఫ్లాష్ తలను 200 మిల్లీమీటర్లకు జూమ్ చేసి, వెలుగును సన్నటి ధారగా కుదించినప్పుడు వచ్చే లెక్క. కెనాన్ వారి ఖరీదైన 600ఈఎక్స్-ఆర్‌టీ ఫ్లాష్‌నే తీసుకుంటే, 200 దగ్గర 60 ఉన్న దాని గైడ్ నంబర్ 35 మిల్లీమీటర్ల దగ్గర 36కు పడిపోతుంది. మీ లెన్స్‌తో గుంపు ఫొటో తీసేటప్పుడు మీకు దక్కేది ఈ రెండో అంకె లాంటిదే. అందువల్ల రెండు ఫ్లాష్‌లను పోల్చదలిస్తే ఒకే జూమ్ దగ్గర పోల్చండి, లేదంటే ఆ అంకెను పట్టించుకోకండి.

నా దృష్టిలో ఆ అంకె కంటే ముఖ్యమైనది తిరిగే తల. ఫ్లాష్ తల పైకీ పక్కలకూ తిరగాలి. ఇంట్లో తెల్ల సున్నం వేసిన స్లాబు ఉంటే, తలను పైకి ఎత్తి, కొద్దిగా వెనక్కి వంచి వెలిగించండి. వెలుగు కప్పంతా పరుచుకుని మెత్తగా కిందికి దిగుతుంది, ముక్కు కింద, మెడ వెనుక గట్టి నీడలు పడవు, పట్టుచీర జరీ కూడా తెల్లటి మచ్చగా మారదు. ఇలా చేసినప్పుడు వెలుగులో చాలా భాగం పోతుంది కాబట్టి ఐఎస్‌ఓను 400 లేదా 800కు పెంచండి. షట్టర్ వేగం 1/125 సెకను, ఎఫ్/5.6, ఫ్లాష్ శక్తి 1/4తో మొదలుపెట్టి, ఫొటో చూసుకుంటూ సర్దుకోండి. ఫంక్షన్ హాల్‌లో మాత్రం జాగ్రత్త అవసరం. కప్పు మరీ ఎత్తుగా ఉంటే వెలుగు తిరిగి రాదు, కప్పుకు గులాబీ రంగు గుడ్డ కట్టి ఉంటే ఆ రంగే అందరి ముఖాల మీదా పడుతుంది. అలాంటి చోట పక్కన తెల్ల గోడ ఉంటే తలను అటు తిప్పండి.

టీటీఎల్ ఉన్న ఫ్లాష్‌కు కెమెరా ముందుగా ఒక చిన్న మెరుపు వేయించి, తిరిగి వచ్చిన వెలుగును కొలిచి, ఎంత శక్తి కావాలో తానే నిర్ణయిస్తుంది. బరాత్‌లో వలె దూరం క్షణక్షణం మారే చోట ఇది నిజంగా ఉపయోగం. కానీ మండపం మీద వధూవరుల పక్కన బంధువులు ఒకరి తరువాత ఒకరు వచ్చి నిలబడే ఫొటోల్లో దూరం మారదు. అక్కడ మాన్యువల్‌గా ఒకసారి సర్దితే వందో ఫొటో కూడా మొదటి ఫొటోలాగే వస్తుంది; టీటీఎల్ అయితే తెల్ల చొక్కాల వారు రాగానే ఫొటో నల్లబడుతుంది. మీరు నేర్చుకునే దశలో ఉన్నారు కనుక, లోపల రేడియో రిసీవర్ ఉన్న మాన్యువల్ ఫ్లాష్ తీసుకోమనే నా సలహా. గోడాక్స్ టీటీ600, యోంగ్నువో వైఎన్560-4 ఆ కోవలోనివే. రేపు ఒక ట్రిగ్గర్ (కెమెరా మీద పెడితే ఫ్లాష్‌కు రేడియో సంకేతం పంపే పరికరం) కొంటే అదే ఫ్లాష్‌ను కెమెరా నుంచి తీసి పక్కన స్టాండ్ మీద పెట్టుకోవచ్చు. తల తిరగని అగ్గువ ఫ్లాష్‌లను ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకండి.

బడ్జెట్‌లో నాలుగో వంతు సెల్స్‌కు కేటాయించండి. నాలుగు మంచి నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ సెల్స్, ఒక నిదానమైన చార్జర్ చాలు. ఇలాంటి సెల్స్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వగలవు కనుక ఫ్లాష్ త్వరగా మళ్లీ సిద్ధమవుతుంది. గోడ గడియారంలో వేసే మామూలు సెల్స్‌తో అయితే తలంబ్రాల వేళ ఎర్ర లైటు ఎప్పుడు వెలుగుతుందా అని ఎదురుచూడాల్సి వస్తుంది. పాతవీ కొత్తవీ కలిపి వేయకండి.

సద్దుల బతుకమ్మ నాటి రాత్రి పద్ధతి వేరు. ఆరుబయట కప్పు ఉండదు కనుక వెలుగును తిప్పి కొట్టే వీలు లేదు. ఐఎస్‌ఓ 1600, షట్టర్ 1/30 నుంచి 1/60 మధ్య పెట్టి, ఫ్లాష్ శక్తిని 1/32కు తగ్గించి, దాని ముఖానికి నారింజ రంగు జెల్ (పారదర్శకమైన రంగు పలుచటి షీటు) అంటించండి. దీపాల వెలుగు అలాగే నిలుస్తుంది, తంగేడు పూల పసుపు పాలిపోదు, ఆడుతున్న అమ్మల కళ్లలో మెరుపు కొట్టదు.

ప్రశ్న: మా నాన్న స్టూడియోలో ఫిల్మ్ కాలం నాటి ఫ్లాష్ ఉంది. నా డిజిటల్ కెమెరా మీద పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: కొలవకుండా పెట్టకండి. ఆ కాలపు ఫ్లాష్‌లలో కొన్నింటి ట్రిగ్గర్ వోల్టేజీ (వెలగమనే సంకేతం అందే పిన్ను దగ్గర ఉండే వోల్టేజీ) 100 వోల్టులు దాటి ఉంటుంది, అది కెమెరా లోపలి సర్క్యూట్‌ను దెబ్బతీయగలదు. ఫ్లాష్‌ను ఆన్ చేసి, పూర్తిగా చార్జ్ అయ్యాక, దాని కింది మధ్య పిన్నుకూ పక్క లోహపు పట్టాకూ మధ్య మల్టీమీటర్‌తో ఎవరైనా ఎలక్ట్రీషియన్ చేత కొలిపించండి. పది వోల్టుల లోపు ఉంటే భయం లేదు. ఎక్కువ ఉంటే దాన్ని కెమెరా మీద పెట్టకుండా, మరో ఫ్లాష్ మెరుపును చూసి వెలిగే ఆప్టికల్ స్లేవ్‌కు తగిలించి, వెనుక తెరను వెలిగించడానికి వాడుకోండి.

ప్రశ్న: ఫ్లాష్ వేసినప్పుడు ఫొటో కింది భాగంలో నల్లటి పట్టీ వస్తోంది. ఫ్లాష్ పాడైందా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: ఫ్లాష్ బాగానే ఉంది, షట్టర్ స్పీడ్ ఎక్కువైంది. చాలా కెమెరాల్లో 1/200 లేదా 1/250 దాటితే సెన్సర్ మొత్తం ఒకేసారి తెరుచుకోదు, ఫ్లాష్ మెరిసే క్షణానికే షట్టర్‌లో సెన్సర్‌ను మూసే రెండో తెర దిగడం మొదలవుతుంది. 1/160కి తగ్గించి తీయండి, పట్టీ పోతుంది. ఎండలో ఇంకా వేగం కావాలంటే హై స్పీడ్ సింక్ ఉన్న ఫ్లాష్ కావాలి. పైన చెప్పిన టీటీ600లో ఆ సదుపాయం కెమెరా మీద పెట్టినప్పుడు పనిచేయదు, దాన్ని విడిగా ఉంచి రేడియో ట్రిగ్గర్‌తో వెలిగించినప్పుడే పనిచేస్తుంది.