క్యాన్సర్ మాత్రలు వాడుతుంటే అరచేతులు మండుతున్నాయి.. ఆపేయాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. అమ్మకు 58 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక విశాఖపట్నంలో కేపసిటబిన్ మాత్రలు రాశారు. రెండో విడత (సైకిల్) మాత్రల్లో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండుతున్నాయి, చర్మం పొరలుగా ఊడుతోంది. గిన్నెలు కూడా తోమలేకపోతోంది. చల్లదనానికి గోరింటాకు పెడుతున్నాం. రేషన్ షాపులో వేలిముద్ర పడటం లేదు. మాత్రలు ఆపేయమని చుట్టాలు అంటున్నారు. ఇంకో వారానికి మాత్రలున్నాయి. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: గిన్నెలు తోమలేకపోతోందన్నారు చూడండి, అసలు విషయం అక్కడుంది. ఈ మాత్ర ఒంట్లో 5-ఫ్లోరోయురాసిల్ అనే మందుగా మారుతుంది. వాడేవారిలో సగం మందికి పైగా ఇలా చేతులు, కాళ్లు మండుతాయి. దీన్ని హ్యాండ్-ఫుట్ సిండ్రోమ్ అంటారు. ఎరుపు, తిమ్మిరి వరకే ఉంటే క్రీములు రాసుకుంటూ మాత్రలు కొనసాగించవచ్చు. నొప్పితో ఇంటి పని ఆగిపోయిందంటే ఈ చర్మ సమస్య రెండో దశకు చేరినట్టే. అప్పుడు మాత్రలకు విరామం ఇవ్వాలి.

అందుకే ఈరోజే మీ క్యాన్సర్ డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఆయనతో మాట్లాడేదాకా తర్వాతి డోసు వేయకండి. విశాఖ దూరమని వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. చుట్టాలు చెప్పినట్టు పూర్తిగా మానేయడం మాత్రం తప్పు. తగ్గాక మళ్లీ మొదలుపెడతారు, అవసరమైతే డోసు తగ్గిస్తారు. మధ్యలో పోయిన మాత్రలను తర్వాత కలిపి వేసుకోకూడదు.

గోరింటాకు ఆపేయండి. ఆ ఎరుపు కింద అసలు ఎరుపు కనబడదు, దశ తెలుసుకోవడం కష్టమవుతుంది. పది శాతం యూరియా ఉన్న క్రీము రోజుకు రెండు మూడుసార్లు రాయండి, పగుళ్లు, పుండ్లు ఉన్నచోట వద్దు. వేడినీళ్లు, పొయ్యి సెగ, వాకిట్లో చెప్పుల్లేకుండా నడవడం కొన్నాళ్లు మానాలి. మెత్తని చెప్పులు, నూలు సాక్సులు వాడమనండి. నొప్పులకు రాసే డైక్లోఫెనాక్ జెల్ గురించి కూడా డాక్టర్‌ను అడగండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో 264 మందిపై చేసి 2024లో ప్రచురించిన పరిశోధనలో, ముందు నుంచీ అది రాసుకున్నవారిలో రెండు, మూడు దశల సమస్య 3.8 శాతం మందికే వచ్చింది. మందు లేని జెల్ రాసినవారిలో 15 శాతం. అయితే అది సమస్య రాకుండా చూడటానికి చేసిన పరీక్ష, అమ్మకు ఇప్పటికే చర్మం ఊడుతోంది కాబట్టి సొంతంగా రాయొద్దు.

బలానికని ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇస్తుంటే అదీ చెప్పండి. దానివల్ల ఈ మందు దుష్ప్రభావాలు పెరుగుతాయి.

వేలిముద్రలు చెరిగిపోవడం కూడా ఈ మందు వల్లే. కంగారుపడొద్దు, మందు ఆపాక చాలామందికి మళ్లీ వస్తాయి. అప్పటిదాకా కంటిపాపతో ఆధార్ సరిచూడమని డీలర్‌ను అడగండి, డాక్టర్ చీటీ వెంట ఉంచుకోండి.

చర్మంపై బొబ్బలు, చీము వచ్చినా, జ్వరం 100.4 దాటినా, విరేచనాలు రోజుకు మామూలుకంటే మరో నాలుగుసార్లు అయినా వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ మాత్రల అట్ట చూపించండి.