పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: ఇంట్లోనే రేకుపని, పాత కారు

ప్రశ్న: మా నాన్నగారు వాడిన 1972 నాటి అంబాసిడర్ మార్క్-2 కారు పన్నెండేళ్లుగా పెరట్లో వేపచెట్టు కింద ఉంది. ఇంజను తిరుగుతోంది గాని, కాళ్లు పెట్టుకునే చోట అడుగు రేకు, తలుపుల కింది భాగం తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి. టింకరింగు షాపులో అడిగితే పైన మరో రేకు అతికించి పుట్టీ పూసేస్తామన్నారు. నాకది నచ్చలేదు. నేను బ్యాంకు ఉద్యోగిని. సెలవు రోజుల్లో నేర్చుకుని ఈ పని స్వయంగా చేసుకోగలనా? దేనితో మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

సమాధానం: చేసుకోగలరు. అయితే మొదటి ఆరు నెలలు కారు జోలికి పోకండి. ఈ పనికి వెల్డింగు వస్తే చాలునని చాలామంది అనుకుంటారు గాని, వెల్డింగు ఎవరికైనా నెలలో పట్టుబడుతుంది. సుత్తి దెబ్బకు రేకు ఎటు కదులుతుందో తెలియడానికే కాలం పడుతుంది. ఒక కొయ్య సుత్తి, ఒక డెంటింగు సుత్తి, రేకు వెనక ఆనించి పట్టుకోవడానికి గుప్పిట్లో ఇమిడే ఇనుప దిమ్మె (దీన్నే డాలీ అంటారు) ఒకటి, రేకు కత్తెర, ఇసుక నింపిన మందపాటి గుడ్డసంచి ఉంటే ఆరంభానికి సరిపోతుంది. రేకుల దుకాణంలో 20 గేజి, అంటే సుమారు 0.9 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప రేకు ముక్కలు కొని తెచ్చుకోండి.

జానెడు చదరపు ముక్కను ఇసుక సంచి మీద పెట్టి, కొయ్య సుత్తితో నడిమధ్య నుంచి చుట్టూ తిప్పుతూ కొడితే, అది మెల్లగా మూకుడులా లోతవుతుంది, అదే సమయంలో అంచుల వెంట కుచ్చిళ్లలాంటి ముడతలు లేస్తాయి. మధ్యభాగం సాగినంతగా అంచు కుంచించుకోలేదని ఆ ముడతలు చెబుతున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా, మడతపడకుండా లోపలికి అణచడం నేర్చుకున్ననాడు మీకు సగం పని వచ్చినట్టే, ఎందుకంటే కారు మడ్‌గార్డు వంపైనా, హెడ్‌లైటు చుట్టూ ఉండే గుండ్రమైనా ఒకచోట సాగదీసి మరోచోట కుదించగా వచ్చిన రూపమే. మీకు దగ్గరలోనే, తణుకు ప్రాంతంలోని అజ్జరంలో, ఇత్తడి సామాను చేసేవారున్నారు. ఒక పూట వారి పక్కన కూర్చుని చూడండి. కొట్టేకొద్దీ గట్టిపడిన లోహాన్ని మధ్యమధ్య కాల్చి మెత్తబరచడం కంచరిపనిలో తరతరాలుగా ఉన్నదే, కారు రేకుకూ అదే సూత్రం వర్తిస్తుంది.

ఇక మీ కారు సంగతి. అంబాసిడర్ మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి వచ్చిన బండి, దానికి లారీకి ఉన్నట్టు వేరుగా చాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. తలుపుల కింద ముందు నుంచి వెనక్కి సాగే పెట్టెలాంటి భాగం ఆ బాడీకి వెన్నెముక వంటిది. రెండు వైపులా దానిని ఒకేసారి కోస్తే బండి నడుము కుంగి, ఆ తర్వాత తలుపులు పట్టవు. అందువల్ల కోయడానికి ముందే తలుపు ఖాళీలకు అడ్డంగా ఇనుప గొట్టాలు అతికి, బండిని సమతలంగా నిలబెట్టి, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. తుప్పును మెరిసే లోహం కనిపించేదాకా కోసి తీసేయాలి. దాని మీద కొత్త రేకు కప్పితే రెండింటి నడుమ చేరిన తేమ లోపల్లోపలే తినేస్తుంది, షాపువారి సలహా మీకు నచ్చకపోవడం సబబే. అతికేటప్పుడు ఒకే గీతగా లాక్కుపోకుండా, ఇక్కడొక చుక్క, దూరంగా మరొక చుక్క పెడుతూ, చల్లారనిస్తూ సాగితే రేకు వంకర్లు పోదు. అన్నిటికంటే ముందు బ్యాటరీ, సీట్లు, పెట్రోలు ట్యాంకు బండి నుంచి విప్పి దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకు కదా అని దానికే వెల్డింగు పెట్టబోవద్దు, లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది.

ప్రశ్న: మడ్‌గార్డు మీది సొట్టను సుత్తి, డాలీతో సరిచేశాను. ఇప్పుడు వేలితో నొక్కితే టప్పున లోపలికి పోయి, వదిలితే టప్పున బయటికి వస్తోంది. ఎంత కొడితే అంత ఎక్కువవుతోంది. తప్పెక్కడ జరిగింది?
– ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: ముందు సుత్తి కింద పెట్టండి. నా మొదటి ఫియట్ 1100 బానెట్టును నేనూ ఇలాగే ఒక ఆదివారమంతా కొట్టి, సాయంత్రానికి డప్పు చేసి పెట్టాను. డాలీని సరిగ్గా సుత్తి దెబ్బ కిందే ఆనించి కొడితే రెండు ఇనుముల మధ్య నలిగిన రేకు పల్చబడి సాగుతుంది. సాగిన రేకుకు పాత చోటు చాలదు కనుక ఉబ్బి ఇటూ అటూ గెంతుతుంది. చాలా సొట్టలకు డాలీని పల్లం కింద ఆనించి, సుత్తిని పక్కనున్న మిట్ట మీద తేలికగా వేయడమే సరైన పద్ధతి.

ఇప్పటికి వేడితో కుదించక తప్పదు. ఉబ్బు మీద అన్నింటికన్నా ఎత్తయిన చోట రూపాయి బిళ్లంత మేర గ్యాస్ మంటతో ఎర్రబడేదాకా కాల్చండి. కాలిన చోటు వ్యాకోచించాలని చూస్తుంది, చుట్టూ ఉన్న చల్లని రేకు దానిని పక్కలకు పోనివ్వదు, దాంతో అక్కడే మందమవుతుంది. ఎర్రగా ఉండగానే కింద డాలీని మెల్లగా ఆనించి కొయ్య సుత్తితో రెండు మూడు దెబ్బలు వేసి వదిలితే, చల్లారుతూ చుట్టుపక్కల రేకును తనవైపు లాక్కుంటుంది. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే రెండో చుక్కకు పోవాలి. తొందరపడి నాలుగైదు చోట్ల కాలిస్తే అటు లాగి ఇటు లాగి కొత్త వంకరలు తెస్తుంది. ఇదంతా ఇనుప రేకు మాట. అల్యూమినియం రంగు మారదు, ఎర్రబడుతుందని ఎదురుచూస్తే 660 డిగ్రీల దగ్గర చెప్పకుండా కారిపోతుంది. దానిని మెత్తబరచాలంటే ముందుగా గ్యాస్ టార్చిలో ఆక్సిజన్ ఆపేసి, ఎసిటిలిన్ గ్యాస్ ఒక్కటే మండించి రేకుకు మసి పట్టించి, తర్వాత మామూలు మంటతో ఆ మసి చెరిగిపోయేదాకా మాత్రమే వేడి చేయాలి.

ప్రశ్న: బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియం చూసినప్పటి నుంచి పాత మారుతి 800 మీద సొంతంగా బాడీ కట్టాలని ఉంది. దానిని రోడ్డు మీద నడపవచ్చా?
– ఒక విద్యార్థి, హైదరాబాద్

సమాధానం: బూటు, బర్గర్, క్రికెట్ బంతి, కెమెరా ఆకారాల్లో నడిచే కార్లు కట్టిన కె. సుధాకర్ చిన్ననాటి నుంచే పాత సామాను పోగేసి తనంతట తాను ఈ పని నేర్చుకున్నవారు. 2005లో ఆయన చేసిన అతిపెద్ద ట్రైసైకిల్‌కు గిన్నిస్ రికార్డు దక్కింది. అయితే ఆ కార్లు ప్రదర్శన కోసం కట్టినవన్నది మీరు గుర్తించాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన మూల వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. పైగా మారుతి 800కూ విడి చాసిస్ లేదు, బాడీ కోసేస్తే మిగిలేది చక్రాలూ ఇంజనే. గొట్టాలతో చట్రం కట్టుకుని మీ సొంత ఆవరణలో తిప్పుకోవాలనుకుంటే కట్టండి, నేర్చుకోవడానికి అది మంచి దారే.

రాజమహేంద్రవరం పాఠకుడికి ఈ సందర్భంలోనే మరొక మాట. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కార్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. ఆ నమోదు పదేళ్లు చెల్లుతుంది గాని, రోజువారీ రాకపోకలకూ కిరాయికీ ఆ బండిని వాడకూడదు. బాడీ, చాసిస్, ఇంజను మూలరూపంలోనే ఉండాలన్నది అందులో ప్రధాన షరతు. కాబట్టి కోసిన ప్రతి ముక్కనూ పారేసేముందు పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, కొలతలు ఒక నోటుపుస్తకంలో రాసి, కొత్త ముక్కను ఆ కొలతలకే చేయండి.