సీసా పాలతో పల్లీల అలర్జీ పోతుందా?

అక్కా, పల్లీల చట్నీ తిన్న కాసేపటికే మీ నాలుగేళ్ల బాబుకు దద్దుర్లు లేచి పెదవి వాచిందని, రోజూ ఒక సీసా యాకుల్ట్ (పులియబెట్టిన తియ్యటి పాల పానీయం) తాగిస్తే తగ్గుతుందని పక్కింటివారు అన్నారని రాశారు. ఆ ధైర్యంతో మళ్లీ పల్లీలు పెట్టి చూడకండి.

అందులో ఉండేది షిరోటా రకం లాక్టోబాసిల్లస్. ఇలాంటి సూక్ష్మజీవులతో ఎలుకల్లో అలర్జీ తగ్గిన పరిశోధనలు ఉన్నాయి. పిల్లల ఆహార అలర్జీకి మందు అనదగ్గ రుజువు మాత్రం లేదు. పైగా చక్కెర! పాల అలర్జీ కూడా ఉంటే అసలే వద్దు. పాలు పులిసినా వాటిలోని కేసీన్ అనే ప్రోటీన్ ఎక్కడికీ పోదు. ఇంటి మజ్జిగదీ అదే సంగతి.

మన అనంతపురంలో పల్లీలను తప్పించుకోవడమే పెద్ద పని. పల్లీల ఊరుబిండి నూరిన రోట్లో కొబ్బరి చట్నీ నూరితే చాలు, మా అమ్మాయి మూతి ఎర్రబడేది. ఇప్పుడు తనకు విడిగా మిక్సీ జారు పెట్టాం. పెళ్లి భోజనాల్లో గుత్తివంకాయ జోలికే వెళ్లనివ్వం.

బాబును అలర్జీ నిపుణులకు చూపించి చర్మ పరీక్షో రక్త పరీక్షో చేయించండి. ఎప్పుడైనా ఊపిరి అందకపోయినా, సొమ్మసిల్లినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అప్పుడు కావాల్సింది ఎడ్రినలిన్ ఇంజెక్షన్.