శాల్మన్ వేట: లెక్క నదిలో, వల సముద్రంలో

ప్రశ్న: అలాస్కాలో శాల్మన్ చేపలు కోట్లలో పడుతున్నాయంటారు. కాలిఫోర్నియాలో ఏళ్ల తరబడి వేటే లేదంటారు. సముద్రం ఒకటే కదా, ఇంత తేడా ఎందుకు?

జవాబు: సముద్రం ఒకటే గానీ నదులు వేరు. శాల్మన్ పుట్టిన నదికే తిరిగొచ్చి గుడ్లు పెడుతుంది. అందుకే ఏ నది చేపకు ఆ నది ఖాతా. అలాస్కాలోని బ్రిస్టల్ బే నదుల మీద ఆనకట్టల్లేవు. 2022లో 7 కోట్లకు పైగా సాకై అనే రకం శాల్మన్ చేపలు అక్కడికి తిరిగొచ్చాయి. కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నదిలో ఎగువ చల్లనీళ్లకు పోయే దారిని ఆనకట్టలు మూసేశాయి. కరువు ఏళ్లలో మిగిలిన నీరూ వేడెక్కి చినూక్ అనే రకం శాల్మన్ గుడ్లు చచ్చిపోతాయి. 2023, 2024, 2025లో అక్కడ వాణిజ్య వేట మూతపడింది. నీళ్లు ఎవరెవరికో పోయాయి, వల చుట్టి పెట్టింది మాత్రం జాలరే.

ప్రశ్న: వేట ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు ఆపాలో ఎలా తేలుస్తారు?

జవాబు: ముందస్తు అంచనాను నమ్మితే కొంప మునుగుతుంది. కెనడాలోని ఫ్రేజర్ నదికి 2009లో కోటికి పైగా సాకై వస్తాయనుకుంటే 14 లక్షలే వచ్చాయి. మరుసటి ఏడాది దాదాపు 3 కోట్లు! అందుకే బ్రిస్టల్ బేలో నదిలోకి నిజంగా ఎన్ని ఎక్కాయో చూసి వేట తెరుస్తారు. నాక్‌నెక్ నదికైతే గుడ్లు పెట్టడానికి 8 నుంచి 20 లక్షల చేపలు దాటిపోవాలన్నది లక్ష్యం.

లెక్క పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. గట్టు మీద టవర్ ఎక్కిన మనిషి ప్రతి గంటలో 10 నిమిషాలు చేపలను లెక్కపెడతాడు, తర్వాత అవతలి గట్టున మరో 10 నిమిషాలు. ఎగువకు పోయినవి కలుపుతాడు, దిగువకు జారినవి తీసేస్తాడు. ఒక గట్టున 412 పైకి పోయి 7 వెనక్కి వస్తే 405. దాన్ని ఆరుతో గుణిస్తే ఆ గంటకు 2,430. గాలికి నీళ్లు అలలెత్తినా, వానకు బురద వచ్చినా ఈ లెక్క చెడుతుంది. నీరు తేటగా లేని నదుల్లో సోనార్, అంటే ధ్వని తరంగాలతో చేపలను పసిగట్టే పరికరం పెడతారు. చేప ఉందని అది చెబుతుందే గానీ ఏ జాతిదో చెప్పలేదు. పరీక్ష వలలు వేసి, పడిన వాటి నిష్పత్తిలో సోనార్ లెక్కను జాతులవారీగా పంచుకోవాలి.

అసలు చిక్కు వేరే ఉంది. వలలు నది ముఖంలో, అంటే నది సముద్రంలో కలిసే చోట ఉంటాయి, టవర్ చాలా ఎగువన ఉంటుంది. అంకె పెరిగిందని తెలిసేసరికి ఆ చేపలు వలలు దాటి పోయి ఉంటాయి. అధికారి జంకితే జాలరికి దక్కాల్సిన మిగులు పోతుంది, తొందరపడితే విత్తనమే పోతుంది.

ప్రశ్న: మంచి రాబడి ఉన్న నది చేపనే పట్టుకుని బలహీనమైన దాన్ని వదిలేయొచ్చుగా?

జవాబు: సముద్రంలో అవి కలిసే ఈదుతాయి, మొహం మీద నది పేరు ఉండదు. ఫ్రేజర్‌లో ఆఖరుకొచ్చే సాకై దండిగా ఉన్న ఏడాది కూడా, వాటితో కలిసొచ్చే కొద్దిపాటి కల్టస్ సరస్సు చేపల కోసం వేట తగ్గించాల్సి వస్తుంది. నా మటుకు శాల్మన్ గొడవంతా ఇక్కడే ఉంది. ఎన్ని పట్టాలన్నదాని కంటే ఎక్కడ, దేనితో పట్టాలన్నదే పెద్ద ప్రశ్న. నది ముఖానికి దగ్గరయ్యేకొద్దీ కలగలుపు తగ్గుతుంది. కానీ మాంసం రంగూ కొవ్వూ కూడా తగ్గి ధర పడిపోతుంది.

జాతి తేడానైతే కంటితో పోల్చి వదలొచ్చు. అలా వదిలింది బతకాలంటే గిల్‌నెట్‌ను, అంటే చేప తల దూర్చి చిక్కుకునే వలను గంటల తరబడి నీళ్లలో ఉంచకూడదు. మామూలు వల కన్ను మొప్పల దగ్గర బిగుసుకుని చేపకు ఊపిరాడనివ్వదు. వల కన్ను చిన్నదైతే మూతి దగ్గరే చిక్కుతుంది, మొప్పలు ఆడుతూ ఉంటాయి. తోక పట్టి వేలాడదీయొద్దు, మొప్పల్లో వేలు పెట్టొద్దు. సొమ్మసిల్లిన చేపను, తాజా నీరు పారే పెట్టెలో తలను నీటి ధారకు ఎదురుగా పెట్టి ఉంచితే నోట్లోంచి మొప్పల మీదుగా నీరు పోయి తేరుకుంటుంది. తనంతట తాను ఈదబోయినప్పుడే వదలాలి. మొప్పల్లోంచి రక్తం కారుతుంటే ఆశ తక్కువ. నది నీరు 20 డిగ్రీలు దాటితే ఎంత జాగ్రత్తపడినా చాలా చేపలు దక్కవు.

ప్రశ్న: హేచరీలో, అంటే గుడ్లు పొదిగించి పెంచే కేంద్రంలో పుట్టిన పిల్లలను ఎక్కువగా వదిలితే సరిపోదా?

జవాబు: వలలు నిండొచ్చు, నదిలో సహజంగా పుట్టే అడవి జాతి మాత్రం నిలబడదు. హేచరీ చేప తిండికి పోటీ వస్తుంది, గుడ్లు పెట్టే చోట అడవి చేపతో కలిసిపోతుంది. వాషింగ్టన్‌లో చాలా హేచరీ పిల్లలకు వీపు రెక్కకూ తోకకూ మధ్య ఉండే చిన్న మెత్తటి రెక్కను కత్తిరించి వదులుతారు. ఆ రెక్క ఉన్న దాన్ని వదలాలని నిబంధన పెట్టిన చోట, వదిలాక బతికించే పని పైన చెప్పిందే.

ప్రశ్న: వేట మూసేస్తే లైసెన్సు కొనేసి పరిహారం ఇస్తున్నారు కదా, ఇంకేం కావాలి?

జవాబు: కెనడా 2021లో పసిఫిక్ తీరంలో దాదాపు 60 శాతం వాణిజ్య శాల్మన్ వేటను మూసి, లైసెన్సులు తిరిగి కొనే పథకం పెట్టింది. డబ్బు లైసెన్సుదారుకు వస్తుంది. బోటు కలాసీకి, ప్యాకింగ్ షెడ్డులో చేప కోసే మనిషికి లైసెన్సు ఉండదు. మూతతో పాటు వాళ్ల లెక్కా ముందే తేల్చాలి.

వేట మిగిలిన చోట తక్కువ చేపతో ఎక్కువ ధర రాబట్టొచ్చు. పట్టిన వెంటనే మొప్ప కోసి రక్తం పోనిచ్చి, ఐసు కలిపిన నీళ్లలో వేయాలి. రాశిగా పోస్తే అడుగువి నలిగి మాంసం మీద మచ్చలు పడతాయి, కొనేవాడు అక్కడే ధర కోస్తాడు. వలను కాసేపే వేసి తీసేవాళ్లకు ఈ పనికి తీరిక దొరుకుతుంది, పొరపాటున చిక్కిన చేప కూడా బతికుండగానే చేతికొస్తుంది.