పాప గది బీరువా గురించి

చిట్టీ,

కొత్త బీరువా, పాప మంచం వచ్చిన గదిలో అడుగుపెడితే కళ్లు మండుతున్నాయని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అగరుబత్తీలు వెలిగిస్తున్నావట. అవి ఆపెయ్ తల్లీ. వాసన మీద ఇంకో వాసన వేసినట్టే గానీ, ఉన్నది పోదు. నీకు ఏడో నెల. ఆ గదిలో పడుకోకు.

బొబ్బిలిలో నలభై ఏళ్లు పాలిష్ పని చేసినవాణ్ణి, నా మాట విను. పాలిష్‌లో కలిపే థిన్నర్ వాసన ఘాటుగా ఉన్నా, గాలి తగిలితే కొన్ని వారాల్లో పోతుంది. మొండిది, చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే ఎం.డి.ఎఫ్ పలకల్లో ఆ జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే వాయువు. నెలల తరబడి వస్తూనే ఉంటుంది, వేడికీ చెమ్మకీ ఇంకా పెరుగుతుంది. విజయనగరంలో వానాకాలం చెమ్మ సంగతి నీకు చెప్పాలా? ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే దాన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. టెన్షన్ పడమని కాదు, తేలిగ్గా తీసుకోవద్దని చెప్తున్నాను.

సొరుగులన్నీ అల్లుడి చేత వరండాలోకి తీయించు, నువ్వు మొయ్యకు. ఎండలో పెడితే పలకలు వంకరపోతాయి, నీడలోనే ఉంచండి. జల్లు పడనివ్వొద్దు, ఎం.డి.ఎఫ్ తడిస్తే ఉబ్బిపోతుంది. గది కిటికీలన్నీ తెరిచి, ఒకదాని దగ్గర టేబుల్ ఫ్యాన్ బయటివైపు తిప్పి పెట్టండి. లోపలి గాలిని బయటికి నెట్టాలి.

సొరుగును ఒకసారి తిరగేయించి చూడు. ముందు పక్క అద్దంలా మెరుస్తుంది. అడుగునా వెనకా కోసిన అంచులకి ఏ పూతా ఉండదు, వేలితో రాస్తే పొట్టు రాలుతుంది. వాసన ఎక్కువగా వచ్చేది అక్కడినుంచే. థిన్నర్ వాసన తగ్గాక మేస్త్రీని పిలిచి, ఆ అంచులకి ఎడ్జ్ బ్యాండ్ పట్టీ అతికించి, మిగతా చోట లక్క పాలిష్ రెండు కోట్లు వేయించండి. అందులోని స్పిరిట్ తొందరగా ఆరిపోతుంది, లక్క పొర వాసనను బాగా ఆపుతుంది. ఆ పని జరిగే రెండు రోజులూ నువ్వు అమ్మ దగ్గరుండు. వంట సోడా, బొగ్గు గిన్నెలు సొరుగుల్లో కాస్త పనిచేస్తాయి, గదికి చాలవు.

చివర్లో ఉతికిన నూలు గుడ్డ ఒకటి సొరుగులో పెట్టి రాత్రంతా మూసి ఉంచు. పొద్దున్న దాన్ని బయటినుంచి వచ్చినవాళ్ల చేత వాసన చూపించు, నీ ముక్కుకి అది అలవాటైపోయి ఉంటుంది. వాసన ఉంటే మళ్లీ వరండాయే. లేకపోయినా కిటికీలు మాత్రం మూయొద్దు.

మీ పెద్దన్నయ్య పుట్టినప్పుడు బారసాలకి అందాలన్న ఆత్రంలో ఉయ్యాలకి నేనే పాలిష్ వేసి, మూడో రోజుకే వాణ్ణి పడుకోబెట్టాను. రాత్రంతా తుమ్ములు, కళ్ల వెంట నీళ్లు. మీ పెద్దమ్మ వాణ్ణి భుజాన వేసుకుని తెల్లారేదాకా వీధి అరుగు మీద తిరిగింది. అది ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

పురుడుకి ఆ మంచం సిద్ధం కాకపోతే బాధపడకు. మనింట్లో ఇంకో పనస చెక్క ఉయ్యాల ఉంది, జిగురూ లేదు, పూతా లేదు. తాళ్లు మార్పించి వచ్చే ఆదివారం బస్సులో తెస్తాను.

మీ పెదనాన్న