థైరాయిడ్‌లో గడ్డ ఉందన్నారు, స్కానింగ్‌లో టైరాడ్స్ 4 (గడ్డ మీద అనుమానం ఎంతో చెప్పే నంబరు) వచ్చింది, సూది పరీక్ష రిపోర్టు రావాలి, ఆపరేషన్ పడొచ్చంటున్నారు. నిద్ర పట్టట్లేదు, ఏం చేయాలి?

మీ ప్రశ్న చదువుతుంటే నాలుగేళ్ల కిందటి నా మొహం నాకే కనిపించింది. స్కానింగ్‌లో టైరాడ్స్ 4, సూది పరీక్ష అయింది, రిపోర్టు రావాలి, ఈలోగా నిద్ర లేదు. అంతేగా? ఆపరేషన్ సంగతి తర్వాత చెప్తాను. ముందు ఒక్క మాట: ఆ రిపోర్టు రాత్రిపూట వస్తే తెరవకండి. ఎవరేమన్నా సరే, తెరవకండి.

నా గడ్డని కనిపెట్టింది డాక్టరు కాదు, మా టైలరు. జాకెట్టుకి మెడ కొలత తీస్తూ టేపు ఆపేసి, "మేడమ్, కుడిపక్క ఇక్కడ ఎత్తుగా ఉందేంటి?" అంది. అద్దంలో చూస్తూ గుటక వేశాను. గుటకతో పాటు అది కూడా పైకి లేచి కిందికి దిగింది. అంతకు ముందు రెండేళ్లుగా టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకుంటున్నాను, ప్రతిసారీ నార్మలే. రక్తపరీక్ష ఆ గ్రంథి పని చేస్తోందో లేదో చెప్తుంది గానీ దాని మీద గడ్డ లేచిందా లేదా అన్నది చెప్పదని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు.

స్కానింగ్‌లో 2.8 సెంటీమీటర్లు. సూది పరీక్ష ఇంకా చేయించుకోని వాళ్లు ఎక్కువ భయపడకండి, రక్తం తీసే సూది కన్నా సన్నగా ఉంటుంది. భుజాల కింద దిండు పెట్టి తల వెనక్కి వాల్చమన్నారు, "గుటక వేయకండమ్మా, మాట్లాడకండి" అన్నారు. ఆ మాట అన్న క్షణం నుంచి నోట్లో లాలాజలం ఊరడం మొదలైంది చూడండి, జీవితంలో అంత ఎప్పుడూ ఊరలేదు. నొప్పి కాదు, ఆ గుటక ఆపుకోవడమే నరకం.

వారం తర్వాత రాత్రి పదకొండున్నరకి వాట్సాప్‌లో రిపోర్టు పంపారు. ఏ ల్యాబు అయినా ఆ టైంలో ఎందుకు పంపుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తెరిచాను. అర్థమైన ముక్క ఒక్కటే: బెథెస్డా కేటగిరీ 3. నేను దాన్ని మూడో స్టేజీ అనుకున్నాను!

ఇక చూడండి. ఆయన నిద్రలో ఉన్నారు, లేపలేదు. వంటింట్లోకి వెళ్లి లైటు వేసుకుని క్యాలెండరు వెనక పాప ఇంటర్ ఫీజు, పీఎఫ్ బ్యాలెన్సు, లాకరు తాళం ఎక్కడుంటుందో అన్నీ రాశాను. ఏ డబ్బాలో ఏ పప్పు ఉందో కూడా రాశాను, ఎందుకంటే ఆయనకి కందిపప్పుకీ శనగపప్పుకీ తేడా తెలియదు. రాత్రి రెండు గంటలకి ఆయనే లేచొచ్చి "ఏం చేస్తున్నావే ఇక్కడ?" అంటే అప్పుడు ఏడ్చాను.

పొద్దున్నే డాక్టరమ్మ రిపోర్టు చూసి నవ్వింది. బెథెస్డా అంటే రోగం కాదు, అమెరికాలో ఒక ఊరు. సూది పరీక్ష ఫలితాలని ఆరు రకాలుగా విడదీసే పద్ధతిని 2007లో అక్కడ కూర్చుని తేల్చారట. రెండు అంటే మామూలు గడ్డ, ఆరు అంటే క్యాన్సర్, మూడు అంటే "కణాలు చూశాం గానీ తేల్చి చెప్పలేకపోతున్నాం". అలా వచ్చి ఆపరేషన్ చేయించుకున్న పదిమందిలో ఏడెనిమిది మందికి ఏమీ ఉండదు అంది. ఆ ఒక్క వాక్యం రిపోర్టులోనే తెలుగులో రాస్తే వీళ్ల సొమ్మేం పోతుంది?

ఇక చుట్టాలు. ఒకరు కాబేజీ మానేయమంటారు, ఇంకొకరు ధనియాల నీళ్లు తాగితే కరిగిపోతుందంటారు, మూడో ఆవిడ ఫోన్ చేసి తన తోడికోడలు ఎలా పోయిందో ముప్పావుగంట చెప్తుంది. ఆ నెలంతా నేను ఫోన్ ఎత్తడం మానేశాను, మీరూ మానేయండి. ఏ గొడవా లేని వాళ్లకి ప్యాకేజీ పేరుతో మెడ స్కానింగ్ చేసేవాళ్ల మీద కూడా నాకు కోపమే. దక్షిణ కొరియాలో 1999 తర్వాత ఇలాగే చేశారు. 2011కి వచ్చేసరికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి, దాంతో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం అలాగే ఉంది. అంటే వెతికి వెతికి, జీవితాంతం ఏమీ చేయని వాటిని కూడా పట్టుకున్నారన్నమాట. చేతికి తగిలే గడ్డని వదిలేయమని కాదు నేననేది.

నాకు మూడు నెలలకి మళ్లీ సూది వేస్తే మళ్లీ మూడే వచ్చింది. ఒక సర్జన్ మొత్తం తీసేద్దామన్నాడు. ఇంకో ఆయన, గడ్డ ఒకపక్కే ఉంది కాబట్టి సగం చాలన్నాడు. రెండో ఆయన దగ్గరికే వెళ్లాను. నేను తెలుగు టీచర్ని, నా భయమంతా గొంతు గురించి. గొంతుని నడిపే నరం ఆ గ్రంథి వెనకే వెళ్తుంది. "మీరు ఏడాదికి ఇవి ఎన్ని చేస్తారు సార్, ఎంతమందికి గొంతు పోయింది?" అని మొహం మీదే అడిగాను. ఏమీ అనుకోలేదు, లెక్క చెప్పాడు. కోపం తెచ్చుకునే సర్జన్ అయితే లేచి వచ్చేయండి.

ఆపరేషన్‌కి పుస్తెలతాడు తీయాలన్నారు. మా అత్తమ్మ గొడవ చేసి మణికట్టుకి పసుపుకొమ్ము దారం కట్టింది. నర్సు దాన్ని తెంపకుండా పైన ప్లాస్టర్ వేసింది, ఆ పిల్ల చల్లగా ఉండాలి. మత్తు దిగుతుంటే సర్జన్ వంగి "పేరు చెప్పండమ్మా" అన్నాడు. చెప్పాను. బొంగురుగా వచ్చింది గానీ వచ్చింది. నెల రోజులు క్లాసులో గట్టిగా అరవలేకపోయాను, ఆ నెలలోనే పిల్లలు ఎన్నడూ లేనంత బుద్ధిగా కూర్చున్నారు. బయాప్సీలో క్యాన్సర్ లేదు. మిగిలిన సగం బాగానే పని చేస్తోంది, ఇంతవరకు మాత్ర అవసరం పడలేదు. కొందరికి పడుతుంది, పరగడుపున రోజుకొకటి, అంతే.

మీరు కామెంట్లో గడ్డ సైజు, సూది పరీక్షలో ఎన్నో నంబరు వచ్చిందో రాయండి. నేను డాక్టర్ని కాను గానీ ఏం అడగాలో చెప్పగలను. మొత్తం తీస్తామంటే మాత్రం ఒంట్లో కాల్షియం పడిపోవడం గురించి ఇప్పుడే అడగండి, తర్వాత వేళ్లు తిమ్మిరెక్కాక కాదు. కాబేజీ అంటారా, నిన్న కూడా శనగపప్పు వేసి వండాను.